3 రోజులు కాన్ఫరెన్స్‌లో కూర్చుంటే కోర్సు క్రెడిట్ వస్తుందా? సర్టిఫికెట్ వేరు.. క్రెడిట్ వేరు.. అసలు లెక్క ఇదీ!

"ఎడ్యుకేషనల్ టెక్నాలజీపై 3 రోజుల ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్.. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ సర్టిఫికెట్.. అకడమిక్ క్రెడిట్స్ కూడా!" కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. కింద ఓ క్యూఆర్ కోడ్, రిజిస్ట్రేషన్ ఫీజు, లాస్ట్ డేట్. పక్కన ఫ్రెండ్ కట్టేశాడని మనమూ కట్టేస్తాం. బీఈడీ చేస్తున్నవాళ్లకి, బీటెక్ వాళ్లకి, జాబ్‌లో ఉన్న టీచర్లకి కూడా ఇవి వస్తూనే ఉంటాయి.

మరి ఆ 'క్రెడిట్స్' నిజంగా మార్కుల మెమోలోకి ఎక్కుతాయా? ఇదే అసలు ప్రశ్న. సూటిగా చెప్పాలంటే.. కాన్ఫరెన్స్‌కి వెళ్లి క్రెడిట్ సంపాదించుకోవడం సాధ్యమే. ప్రపంచంలో చాలా చోట్ల నడుస్తోంది కూడా. కానీ హాల్లో కూర్చున్నందుకు మాత్రం ఎవరూ క్రెడిట్ ఇవ్వరు. దానికి గంటల లెక్క ఉంటుంది, మదింపు ఉంటుంది, ఇచ్చే అధికారం ఉన్న సంస్థ ఉంటుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మీ చేతికొచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. లామినేషన్ చేయించుకోవచ్చు, అంతే.

అమెరికాలో ఎలా నడుస్తోంది?

ఈ పద్ధతి బాగా అలవాటైన చోటు అమెరికా. అక్కడ ఎడ్యుకేషన్ టెక్నాలజీ అనగానే టీచర్లకి ముందు గుర్తొచ్చేది ఐఎస్‌టీఈ కాన్ఫరెన్స్. (మన ఇంజినీరింగ్ కాలేజీల్లో స్టూడెంట్ చాప్టర్లు ఉండే ఐఎస్‌టీఈ వేరు, ఇది వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడతారు.) 2024లో డెన్వర్‌లో, 2025లో జూన్ 29 నుంచి జులై 2 వరకు టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో జరిగింది. వేలాది మంది టీచర్లు వస్తారు.

సమ్మర్ సెలవుల్లో సొంత డబ్బు పెట్టుకుని మరీ టీచర్లు అక్కడికి ఎందుకు వెళ్తారు? కొత్త విషయాలు నేర్చుకోవడం ఒకటైతే, రెండోది చాలా ప్రాక్టికల్ కారణం. అమెరికాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో టీచర్ జీతం డిగ్రీతో పాటు, ఆ తర్వాత సంపాదించిన గ్రాడ్యుయేట్ క్రెడిట్లను బట్టి కూడా పెరుగుతుంది. దానికి తోడు టీచింగ్ లైసెన్స్ రెన్యువల్ ఉంటుంది. టెక్సాస్‌లో టీచర్ సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలంటే 5 ఏళ్లలో 150 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ చూపించాలి. న్యూయార్క్‌లో 5 ఏళ్లకి 100 గంటలు. డల్లాస్ చుట్టుపక్కల స్కూళ్లలో టీచర్లుగా చేస్తున్న మన తెలుగువాళ్లని అడిగితే ఈ 150 గంటల కథ బాగా చెప్తారు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. లైసెన్స్ కోసం చూపించే గంటలు వేరు, యూనివర్సిటీ ఇచ్చే అకడమిక్ క్రెడిట్ వేరు. గంటలకైతే కాన్ఫరెన్స్ హాజరు ధ్రువీకరణ సరిపోతుంది. క్రెడిట్ కావాలంటే మాత్రం ఓ యూనివర్సిటీలో విడిగా ఎన్‌రోల్ అవ్వాలి, విడిగా ఫీజు కట్టాలి, ఏయే సెషన్లకి వెళ్లారో లాగ్ రాయాలి, నేర్చుకున్నది తన క్లాసులో ఎలా వాడతారో పేపర్ రాసివ్వాలి. దాన్ని ఓ ఫ్యాకల్టీ మెంబర్ చదివి గ్రేడ్ వేస్తారు. అప్పుడు కూడా చాలా సందర్భాల్లో వచ్చేది 'ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్' క్రెడిట్. జీతం పెరగడానికి పనికొస్తుంది గానీ, ఎంఏ, ఎంఈడీ లాంటి డిగ్రీలో కలుపుకుంటారన్న గ్యారంటీ ఉండదు.

ఇంకో పదం కూడా ఉంది, సీఈయూ. కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్. 10 గంటలు పాల్గొంటే 1 సీఈయూ. అంటే 20 గంటల కాన్ఫరెన్స్‌కి 2 సీఈయూలు వస్తాయి. ఇది చూసి '2 క్రెడిట్లు వచ్చాయి' అనుకుంటే లెక్క తప్పినట్టే. ఎందుకంటే అమెరికా ఫెడరల్ నిర్వచనం ప్రకారం ఒక క్రెడిట్ అవర్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు కనీసం 2 గంటల సొంత పని, ఇలా సుమారు 15 వారాలు. మొత్తం 45 గంటలు. 10 గంటలకీ 45 గంటలకీ తేడా ఎంతో వేరే చెప్పాలా? విదేశీ సంస్థల పేరుతో ఆన్‌లైన్‌లో వచ్చే ప్రకటనల్లో 'యూనిట్స్' అని కనిపిస్తే కాస్త ఆగి చూడండి.

మన దగ్గర రూల్ ఏం చెబుతోంది?

ఇప్పుడు మన లెక్కకి వద్దాం. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌ని విడుదల చేసింది. స్కూలు నుంచి పీహెచ్‌డీ దాకా, ఒకేషనల్ కోర్సులతో సహా అన్నిటికీ ఒకే కొలబద్ద అన్నమాట. ఏడాదికి 1200 గంటల అభ్యాసం అంటే 40 క్రెడిట్లు. భాగిస్తే ఒక్క క్రెడిట్‌కి 30 గంటలు. క్లాసులో వినడమే కాదు.. చదువుకోవడం, ప్రాక్టికల్, అసైన్‌మెంట్, ప్రాజెక్ట్ అన్నీ ఈ గంటల్లోకి వస్తాయి. క్లాస్‌రూమ్ బయట నేర్చుకున్నదాన్ని కూడా క్రెడిట్‌గా మార్చొచ్చని ఈ ఫ్రేమ్‌వర్క్ ఒప్పుకుంటోంది. ఒకే ఒక్క షరతు.. మదింపు జరగాలి.

సరే, ఇప్పుడు మన 3 రోజుల కాన్ఫరెన్స్‌ని ఈ తూకంలో వేద్దాం. బ్రోచర్‌లో ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5.30 అని ఉంటుంది. అంటే రోజుకి 8 గంటలు, 3 రోజులకి 24. బ్రోచర్‌ని అక్షరాలా నమ్మినా 30కి చేరలేదు! అందులోంచి లంచ్ గంట, రెండు టీ బ్రేకులు తీసేయండి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, చీఫ్ గెస్ట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన టైమ్ తీసేయండి. చివరి రోజు వాలెడిక్టరీ తీసేయండి. ఉదారంగా చూసినా రోజుకి 6 గంటలు, మొత్తం 18 మిగులుతాయి.

అంటే 3 రోజుల పాటు ఒక్క సెషన్ కూడా మిస్ అవ్వకుండా, ఫోన్ చూడకుండా కూర్చున్నా ఒక్క క్రెడిట్‌కి కావాల్సిన పనిలో 60 శాతమే పూర్తయినట్టు. మిగతా 12 గంటలు ఎక్కడి నుంచి రావాలి? కాన్ఫరెన్స్‌కి ముందు చదవడం, తర్వాత రాయడం.. ఇవే మార్గం. 3 రోజులకి '2 క్రెడిట్లు', '3 క్రెడిట్లు' అని పోస్టర్ మీద వేస్తే, ఆ మిగిలిన గంటలు ఎప్పుడు, ఎలా చేయిస్తారో నిర్వాహకులే చెప్పాలి.

మదింపు సంగతి మన స్టూడెంట్స్‌కి కొత్త కాదు. ఎన్‌పీటీఈఎల్ తెలియని ఇంజినీరింగ్ స్టూడెంట్ ఉండడు కదా. అక్కడ వీడియోలన్నీ ఫ్రీ. రాత్రి పడుకునే ముందు 2ఎక్స్ స్పీడ్‌లో చూసినా ఎవరూ అడగరు. కానీ వీడియోలు చూసినందుకు క్రెడిట్ రాదు. వారం వారం అసైన్‌మెంట్లు పెట్టాలి, ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్లి పరీక్ష రాయాలి. ఫైనల్ స్కోరులో అసైన్‌మెంట్లకి 25 శాతం, పరీక్షకి 75 శాతం. స్వయం కోర్సుల ద్వారా సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు పూర్తి చేసుకునే వీలు 2021 యూజీసీ రెగ్యులేషన్స్ ఇచ్చాయి. అయినా సరే, మీ యూనివర్సిటీ ఆ కోర్సుని ఆమోదిస్తేనే లెక్కలోకి వస్తుంది. వారాల తరబడి నడిచే కోర్సుకే ఇన్ని మెట్లుంటే, 3 రోజుల కాన్ఫరెన్స్‌కి అవేవీ అక్కర్లేదంటే నమ్మేదెలా?

బ్యాంకులో ఎవరు వేస్తారు?

ఇది చాలామందికి తెలియని పాయింట్. 2021 జులైలో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ మొదలైంది. పేరులోనే బ్యాంక్ ఉంది గానీ ఇందులో స్టూడెంట్ డిపాజిట్ చేయలేడు. మీ ఏబీసీ ఖాతాలో క్రెడిట్లు వేసే అధికారం రిజిస్టర్ అయిన విద్యాసంస్థలకే ఉంది. స్టూడెంట్ నేరుగా తెచ్చిచ్చే సర్టిఫికెట్‌ని అది తీసుకోదు. సర్టిఫికెట్ మీద బంగారు రంగు అంచు ఉన్నా, నలుగురి సంతకాలున్నా, హోలోగ్రామ్ మెరుస్తున్నా సరే.

కాబట్టి కాన్ఫరెన్స్ పెట్టిన సొసైటీ, ఫౌండేషన్, స్టార్టప్.. ఏదైనా సరే, తనంతట తాను మీకు అకడమిక్ క్రెడిట్ ఇవ్వలేదు. వెనక ఓ యూనివర్సిటీనో, అటానమస్ కాలేజీనో ఉండాలి. ఆ కోర్సుకి కోడ్ ఉండాలి, సిలబస్ ఉండాలి, అకడమిక్ కౌన్సిల్ ఆమోదం ఉండాలి. 'యూజీసీ నిబంధనల ప్రకారం' అన్న ఒక్క మాట పోస్టర్ మీద ఉంటే చాలదు.

కేరళ చేస్తున్నది చూడండి

దీనికి ఓ మధ్యేమార్గం ఉంది. కేరళలోని ఏపీజే అబ్దుల్ కలాం టెక్నలాజికల్ యూనివర్సిటీ 2019 స్కీమ్‌లో బీటెక్‌కి 162 క్రెడిట్లు. ఇందులో 160 చదువుకి, మిగతా 2 యాక్టివిటీ పాయింట్లకి. కోర్సు పూర్తయ్యేలోపు 100 పాయింట్లు తెచ్చుకుంటే ఆ 2 క్రెడిట్లు వస్తాయి. ఎన్‌ఎస్‌ఎస్, స్పోర్ట్స్, ఆన్‌లైన్ కోర్సులు, ఇంటర్న్‌షిప్‌లతో పాటు కాన్ఫరెన్సులు, వర్క్‌షాపుల్లో పాల్గొనడం కూడా ఆ లిస్టులో ఉంది.

దీంట్లో నచ్చే విషయం ఏంటంటే.. ఎక్కడా గొప్పలు లేవు. ఓ కాన్ఫరెన్స్‌కి వెళ్లొస్తే 100లో కొన్ని పాయింట్లు, అంటే క్రెడిట్‌లో ఓ చిన్న ముక్క. నాలుగేళ్లలో చేసిన చాలా పనుల్లో అదీ ఒకటి. విలువ చిన్నదే అయినా మెమోలో కనిపించే విలువ. మన జేఎన్‌టీయూల బీటెక్ కూడా 160 క్రెడిట్లదే. 3 రోజుల హాజరుకి 2, 3 క్రెడిట్లని చెప్పే పోస్టర్లని కేరళ లెక్క పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

అయితే దీనికీ ఓ బలహీనత ఉంది. పాయింట్లు సర్టిఫికెట్ చూసి వేస్తారు. వెళ్లినవాడు ఏం నేర్చుకున్నాడని ఎవరూ అడగరు. ఎక్కడైతే సర్టిఫికెట్‌కి పాయింట్ ఉంటుందో, అక్కడ సర్టిఫికెట్ల మార్కెట్ కూడా పుడుతుంది. ఈ కథ మన లెక్చరర్లకి బాగా తెలుసు. 2010లో యూజీసీ ఏపీఐ స్కోరు తెచ్చాక ప్రమోషన్ కోసం పాయింట్లు లెక్కపెట్టడం మొదలైంది. సెమినార్లో పేపర్ చదివితే పాయింట్లు. ఆ తర్వాత వచ్చిన 2018 రూల్స్‌లోనూ పేపర్ ప్రెజెంట్ చేస్తే విదేశంలో ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి 7, దేశంలో జరిగే ఇంటర్నేషనల్‌కి 5, నేషనల్‌కి 3, స్టేట్ లెవెల్‌కి 2 పాయింట్లు. 'ఇంటర్నేషనల్' అన్న ట్యాగ్ అంత సులువుగా ఎందుకు అంటుకుంటుందో ఇప్పుడు అర్థమైందా? విదేశాల్లో ఉన్న ఓ ప్రొఫెసర్‌తో జూమ్‌లో 20 నిమిషాలు మాట్లాడిస్తే చాలు, బ్యానర్ మారిపోతుంది. మాస్ కమ్యూనికేషన్ చదివే రోజుల్లో మా బ్యాచ్‌ని ఓ సెమినార్‌కి కుర్చీలు నింపడానికే తీసుకెళ్లారు. టాపిక్ ఏంటో మధ్యాహ్నం దాకా మాకెవరికీ తెలీదు. సర్టిఫికెట్ మాత్రం అందరికీ వచ్చింది.

గమనించండి.. లెక్చరర్ల విషయంలో కూడా ఆ పట్టికలో పాయింట్లు పేపర్ ప్రెజెంట్ చేసినవాళ్లకి, ఆహ్వానం మీద మాట్లాడినవాళ్లకే. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి కాదు. మరి స్టూడెంట్‌కి మాత్రం కూర్చుంటే క్రెడిట్ అంటున్నారంటే ఎక్కడో తేడా కొట్టట్లేదూ?

హైదరాబాద్, వరంగల్‌కి వచ్చిన కాన్ఫరెన్స్

ఇదంతా విని 'అయితే కాన్ఫరెన్సులన్నీ దండగ' అనుకోవద్దు. మంచివి ఉన్నాయి, మన గుమ్మం దాకా వచ్చాయి కూడా. టెక్నాలజీ ఫర్ ఎడ్యుకేషన్.. క్లుప్తంగా టీ4ఈ. ఐఈఈఈ ఆధ్వర్యంలో జరిగే ఈ కాన్ఫరెన్స్ 2012లో హైదరాబాద్‌లో, 2015లో వరంగల్‌లో జరిగింది. ఇలాంటి చోట పేపర్లు రివ్యూ అయ్యాకే తీసుకుంటారు. పిల్లలు కోడింగ్ ఎక్కడ తడబడుతున్నారు, పెద్ద క్లాసులో క్లిక్కర్లు పెడితే ఏం మారింది, ఇంగ్లిష్ రాని విద్యార్థికి వీడియో పాఠం ఎలా చేరుతుంది.. మన క్లాస్‌రూముల్లో నిజంగా ఉన్న ప్రశ్నలే అక్కడ చర్చకి వస్తాయి.

ఓ బీఈడీ కాలేజీ దీన్ని ఎలా వాడుకోవచ్చో ఊహించండి. ఎన్‌సీటీఈ 2014 కరికులమ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఐసీటీని అర్థం చేసుకోవడంపై విడిగా ఓ కోర్సే ఉంది. చాలా చోట్ల అది పవర్‌పాయింట్ చేయడం దగ్గరే ఆగిపోతోంది. దాని బదులు.. కాన్ఫరెన్స్‌కి రెండు వారాల ముందు ప్రోగ్రామ్ షెడ్యూల్ తెరిచి తనకి కావాల్సిన నాలుగు పేపర్లు ఎంచుకోమనాలి. వాటి సారాంశాలు చదివి ఒక్కోదానికి రెండు ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి. అక్కడ కనీసం ఒక ప్రశ్న అడగాలి. వచ్చాక ఓ ఐడియాని ప్రాక్టీస్ టీచింగ్‌లో, జెడ్పీ స్కూల్ ఏడో తరగతిలో పెట్టి చూడాలి. కరెంట్ పోయినప్పుడు ఏమైంది, 40 మందికి ఒక్కటే ట్యాబ్ ఉన్నప్పుడు ఏమైంది.. అదంతా రాయాలి. దాన్ని లెక్చరర్ చదివి, పది నిమిషాలు వైవా అడగాలి.

18 గంటలు హాల్లో, ముందూ వెనకా 12 గంటలు. ఒక్క క్రెడిట్. లెక్క సరిపోయింది. పైగా ఈ స్టూడెంట్ రేపు డీఎస్సీ కొట్టి స్కూల్లో అడుగుపెడితే, ఆ ఏడో తరగతి పిల్లలకి పనికొచ్చేది ఈ 12 గంటల్లో చేసిన పనే.

అడ్డంకి ఎక్కడుందంటే.. 60 మంది రాసిన రిపోర్టులు చదివేదెవరు? ఖాళీ పోస్టులు భర్తీ కాని కాలేజీలో, గెస్ట్ లెక్చరర్లే నడిపిస్తున్న డిపార్ట్‌మెంట్‌లో ఆ టైమ్ ఎవరిస్తారు? క్రెడిట్‌లో ఖరీదైన భాగం ఇదే. సర్టిఫికెట్ ప్రింట్ చేయడం చవక, మదింపు చేయడమే ఖర్చు. అందుకే అసలు పని వదిలేసి కాగితం ఇచ్చి పంపే ఏర్పాటు వైపు కాలేజీలు మొగ్గుతాయి.

ఖర్చు, హాజరు.. ఇవీ చూసుకోవాలి

ఇంకో సంగతి, డబ్బు. రిజిస్ట్రేషన్, బస్సు లేదా ట్రైన్, రెండు మూడు రాత్రులు బస. పాడేరులోనో ఆదిలాబాద్‌లోనో చదివే స్టూడెంట్‌కి, హైదరాబాద్‌లో మెట్రో ఎక్కి వెళ్లే స్టూడెంట్‌కి ఈ ఖర్చు ఒకటి కాదు. కాన్ఫరెన్స్ హాజరుని తప్పనిసరి క్రెడిట్ చేస్తే కట్టగలిగినవాళ్లకే అది దొరుకుతుంది. ఆప్షనల్‌గా పెట్టి, వెళ్లలేనివాళ్లకి సమానమైన వేరే పని ఇవ్వడం న్యాయం. ఆన్‌లైన్ ఉంది కదా అంటారా.. కెమెరా ఆఫ్ చేసి, లింక్ ఆన్ చేసి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టేసే కాన్ఫరెన్స్‌కి గంటలు ఎలా లెక్కేస్తారు?

అటెండెన్స్ కూడా మర్చిపోవద్దు. జేఎన్‌టీయూల్లో 75 శాతం హాజరు ఉండాలి. సెమిస్టర్ మధ్యలో కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఆ రోజులకి ఆన్ డ్యూటీ ఇస్తారా లేదా అన్నది ముందే హెచ్‌ఓడీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. రాని క్రెడిట్ కోసం ఉన్న అటెండెన్స్ పోగొట్టుకుంటే డిటెన్షన్ లిస్టులో పేరు చూసుకోవాల్సి వస్తుంది.

జాబ్‌లో ఉన్న టీచర్ల లెక్క మళ్లీ వేరు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటల ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్‌లో పాల్గొనాలని చెప్పింది. ఇవి గంటలు, క్రెడిట్లు కావు. ఎడ్‌టెక్ కాన్ఫరెన్స్ ఈ 50 గంటల్లోకి వస్తుందా అన్నది మీ శాఖ గుర్తింపుని బట్టి ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఎంఈఓ ఆఫీసులో అడిగితే పోయేదేం లేదు.

పోస్టర్ మళ్లీ వస్తే?

వస్తుంది, ఎలాగూ వస్తుంది. అందులో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి.. క్రెడిట్ ఇస్తున్న యూనివర్సిటీ పేరేంటి, కోర్సు కోడ్ ఎంత, ఎన్ని గంటలు, మదింపు ఎలా చేస్తారు అని. 'అవన్నీ తర్వాత మెయిల్ చేస్తాం' అంటే అది సర్టిఫికెట్ ప్రోగ్రామే అనుకోండి. నచ్చిన టాపిక్ అయితే నేర్చుకోవడానికి వెళ్లొచ్చు, అందులో తప్పేం లేదు. జవాబులు వచ్చినా మీ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో ఇంకో మాట అడగాలి.. ఆ యూనివర్సిటీ ఇచ్చే క్రెడిట్‌ని మా రెగ్యులేషన్ ఒప్పుకుంటుందా అని. ఒప్పుకుంటే ఏ సబ్జెక్ట్ స్థానంలో అన్నది కూడా కనుక్కోండి.

ఇప్పటికే ఏదో ఒకటి చేసేసి సర్టిఫికెట్ దాచుకున్నవాళ్లు డిజీలాకర్‌లో మీ ఏబీసీ ఖాతా ఓసారి తెరిచి చూడండి. ఏ సంస్థ, ఏ కోర్సుకి, ఎన్ని క్రెడిట్లు వేసిందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. సాధారణంగా ఆ క్రెడిట్లకి గరిష్ఠంగా 7 ఏళ్ల గడువు ఉంటుంది. మీ కాన్ఫరెన్స్ పేరు ఆ వరుసలో లేకపోతే సర్టిఫికెట్ మీద ఉన్న నిర్వాహకులకి మెయిల్ పెట్టండి, పేమెంట్ రసీదు, పోస్టర్ స్క్రీన్‌షాట్ జత చేసి.